సైడ్ హెడ్డింగ్ కాలమ్ అడుగున ఒంటరిగా మిగిలితే

పేజీ కూర్పు శీర్షికకు ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ సైడ్ హెడ్డింగుల చుట్టూనే తిరిగాయి. జవాబుల్లోని మెనూ పేర్లు అడోబీ వారి పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లోవి.

ప్రశ్న: మా తెలుగు సంఘం ఉగాది సంచికను రెండు కాలమ్‌లుగా కూరుస్తున్నాం. హెడ్డింగ్ కాలమ్ అడుగున మిగిలిపోయి, దాని మేటరు పక్క కాలమ్‌లోకి వెళ్తోంది. ఎంటర్ కొట్టి హెడ్డింగును పక్క కాలమ్‌కు పంపాం. ప్రూఫులో రెండు వాక్యాలు తీసేయగానే ఆ ఖాళీ కాలమ్ మధ్యలో తేలింది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఎంటర్‌తో తోసిన హెడ్డింగ్ ఆ ఒక్క ప్రూఫు వరకే నిలుస్తుంది. మేటరు మారినప్పుడల్లా మళ్లీ తోయాలి. అందుకే హెడ్డింగ్ ఎక్కడ ఆగాలో స్టైలే (సైజు, ఖాళీల వంటి అమరికలను ఒకే పేరు కింద దాచే సెట్టింగు) చూసుకునేట్టు చేయండి. హెడ్డింగ్ ప్యారాగ్రాఫ్ స్టైల్‌లో కీప్ ఆప్షన్స్ తెరిచి, కీప్ విత్ నెక్స్ట్ దగ్గర 2 లైన్లు పెట్టండి. కింద రెండు లైన్ల మేటరుకు చోటు లేకపోతే హెడ్డింగ్ దానంతటదే పక్క కాలమ్‌కు వెళ్తుంది. బాడీ (అసలు మేటరు) స్టైల్‌లోనూ కీప్ లైన్స్ టుగెదర్ టిక్ చేసి పేరా మొదట 2, చివర 2 లైన్లు ఇవ్వండి.

ఇంత చేశాక కూడా హెడ్డింగ్ కదలకపోతే, దాని కింద ఖాళీ ఎంటర్ ఉందేమో చూడండి. సాఫ్ట్‌వేర్ లెక్కలో అదీ ఒక పేరానే. హెడ్డింగుకు ఆ ఖాళీ పేరా తోడు దొరికితే చాలు, అసలు మేటరు ఎక్కడికి పోయినా పట్టించుకోదు. టైప్ మెనూలో షో హిడెన్ క్యారెక్టర్స్ పెడితే ఈ ఖాళీ పేరాలు కనబడతాయి. ఫైండ్/ఛేంజ్ క్వెరీల జాబితాలో మల్టిపుల్ రిటర్న్ టు సింగిల్ రిటర్న్ ఎంచుకుంటే సంచిక మొత్తంలో ఒక్కసారే పోతాయి.

ఇక ఎంటర్ ఇస్తున్న ఖాళీని స్పేస్ బిఫోర్, స్పేస్ ఆఫ్టర్‌లతో ఇవ్వాలి. హెడ్డింగ్ కింది మేటరుకు చెందినది, కాబట్టి పైన ఖాళీ ఎక్కువ, కింద తక్కువ ఉండాలి. రెండువైపులా సమానంగా ఉంటే అది ఏ పేరాకు చెందిందో కంటికి తెలియదు. బాడీ 11 పాయింట్లు, లీడింగ్ (ఒక లైను నుంచి తర్వాతి లైనుకు దూరం) 16 అనుకుందాం. హెడ్డింగ్ 14 పాయింట్లు, లీడింగ్ 20, పైన 8, కింద 4 ఇవ్వండి. మొత్తం 32, అంటే సరిగ్గా రెండు బాడీ లైన్లు. పక్క కాలమ్‌లోని లైన్లతో మేటరు మళ్లీ సమానంగా కలుస్తుంది. హెడ్డింగ్ రెండు లైన్లయితే ఈ లెక్క 52 అవుతుంది, అది 16కు గుణిజం కాదు. అలాంటి వాటికి పైన 20 ఇచ్చి ఇంకో స్టైల్ చేసుకోండి: 20, 40, 4 కలిపి 64.

బేస్‌లైన్ గ్రిడ్ (లైన్లు కూర్చోవడానికి పేజీ అంతటా సమాన దూరంలో ఉండే గీతలు) వాడుతుంటే గ్రిడ్ ప్రిఫరెన్సెస్‌లో ఇంక్రిమెంట్ 16 పాయింట్లు చేసి, బాడీకి మాత్రమే అలైన్ టు గ్రిడ్ పెట్టండి. హెడ్డింగుకూ పెడితే అది తర్వాతి గీత మీదకు దూకుతుంది, మీరిచ్చిన 8, 4 ఖాళీలకు అర్థం ఉండదు. కాలమ్ పైభాగంలో పడిన హెడ్డింగుకు స్పేస్ బిఫోర్ వర్తించదు. అది లోపం కాదు, అలా ఉంటేనే కాలమ్‌ల తలలు సమానంగా ఉంటాయి.

లీడింగ్‌ను మాత్రం ఆటోకు వదలకండి. ఆటో అంటే అక్షరం సైజుకు 120 శాతం. ఇంగ్లీషుకు అది సరిపోవచ్చు. తెలుగులో రెండు లైన్ల హెడ్డింగులో పై లైనులో ‘రాష్ట్రం’, కింది లైనులో ‘స్థితి’ పడితే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. 140 శాతం దగ్గర మొదలుపెట్టి, మీ ఫాంటును బట్టి సర్దుకోండి.

ప్రశ్న: ఒక బోధన గైడులో హెడ్డింగులు మేటరు మధ్యలో కాకుండా మార్జిన్‌లో, పేరాకు పక్కన రావాలంటున్నారు. విడి ఫ్రేములు పెడితే దిద్దుబాట్లలో పేరాలు జరిగిపోయి, హెడ్డింగులు మాత్రం పాత చోటే ఉండిపోతున్నాయి.
– ఒక డీటీపీ ఆపరేటర్, రాయపేట, చెన్నై

జవాబు: మన పత్రికల్లో కాలమ్ మధ్యలోని ఉపశీర్షికనే సైడ్ హెడ్డింగ్ అంటాం. మీకు కావలసింది నిజంగా పక్కన నిలిచేది. దీనికి యాంకర్డ్ ఆబ్జెక్ట్, అంటే పేరాకు కట్టేసి దానితోపాటే జరిగే ఫ్రేము వాడాలి.

ముందు చోటు లెక్క వేయండి. క్రౌన్ 1/4 పేజీ వెడల్పు సుమారు 184 మి.మీ. లోపలి మార్జిన్ 15, మేటరు 111, మధ్య ఖాళీ 5, హెడ్డింగ్ పట్టీ 38, బయటి అంచు 15. అంటే ఫేసింగ్ పేజెస్‌లో (ఎదురెదురు పేజీల అమరికలో) బయటి మార్జిన్ 58 మి.మీ. అని ఇవ్వాలి.

తర్వాత పేరా మొదటి అక్షరానికి ముందు కర్సర్ పెట్టి, ఆబ్జెక్ట్ మెనూలో యాంకర్డ్ ఆబ్జెక్ట్, ఇన్సర్ట్. పొజిషన్ కస్టమ్, వెడల్పు 38 మి.మీ. రెలటివ్ టు స్పైన్ తప్పక టిక్ చేయండి, లేకపోతే ఎడమ పేజీలో హెడ్డింగ్ బైండింగ్ వైపు వస్తుంది. అడ్డంగా టెక్స్ట్ ఫ్రేమ్ అంచు నుంచి 5 మి.మీ. దూరం ఇచ్చి, ప్రివ్యూ పెట్టి ఎడమ, కుడి పేజీలు రెండూ చూడండి. నిలువుగా వై రెలటివ్ టు దగ్గర లైన్, టాప్ ఆఫ్ లీడింగ్ ఎంచుకుని ఆఫ్‌సెట్ 0 ఇవ్వండి.

చాలామంది తడబడేది హెడ్డింగ్, పేరా మొదటి లైను ఒకే గీత మీద కూర్చోవడం దగ్గర. యాంకర్డ్ ఫ్రేము టెక్స్ట్ ఫ్రేమ్ ఆప్షన్స్‌లో ఇన్‌సెట్ నాలుగువైపులా 0, ఫస్ట్ బేస్‌లైన్ ఆఫ్‌సెట్ లీడింగ్ అని ఉంచి, హెడ్డింగ్ లీడింగును బాడీతో సమానంగా 16 చేయండి. అసెంట్ అని వదిలేస్తే ఫాంటును బట్టి ఒకటి రెండు పాయింట్లు పైకో కిందికో పోతుంది. ఈ లీడింగులో అక్షరం 11 పాయింట్లు దాటకుండా బోల్డ్ వాడితే చాలు, పక్కన ఖాళీ ఉంది కాబట్టి హెడ్డింగ్ బాగానే కనబడుతుంది. ఆటో సైజులో హైట్ ఓన్లీ పెట్టి, పెరిగేది కిందికేనని చూపితే మూడు లైన్ల హెడ్డింగూ కుదురుతుంది.

ఒక్క ఫ్రేము సరిగ్గా కుదిరాక దాన్నుంచి ఆబ్జెక్ట్ స్టైల్ చేసి, మిగతా వాటికి అదే ఇవ్వండి. గైడు సగమయ్యాక పట్టీ 38 కాదు 34 అన్నారనుకోండి, స్టైల్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

ప్రశ్న: బాడీలో యూనికోడ్ తెలుగు బాగానే ఉంది, హెడ్డింగుల్లో మాత్రం ఒత్తులు విడిపోతున్నాయి. ఫాంటు లోపమా?
– ఒక పాఠకుడు, ట్రిప్లికేన్, చెన్నై

జవాబు: అదే ఫాంటు బాడీలో సరిగ్గా పడుతోందంటే లోపం ఫాంటుది కాదు. హెడ్డింగ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ తెరిచి, కంపోజర్‌ను (అక్షరాలను, లైన్లను కూర్చే పద్ధతిని) అడోబీ వరల్డ్-రెడీ ప్యారాగ్రాఫ్ కంపోజర్‌గా మార్చండి. బాడీకి ఇచ్చినది హెడ్డింగుకు రావాలంటే రెండూ ఒకే మూల స్టైల్ మీద ఆధారపడాలి. అను వంటి పాత ఫాంట్లలో ఇబ్బంది వేరు. అక్కడ ఇంగ్లీషు అక్షరాల, కొటేషన్ గుర్తుల స్థానాల్లోనే తెలుగు రూపాలుంటాయి. ఆల్ క్యాప్స్ గానీ టైపోగ్రాఫర్స్ కోట్స్ గానీ ఆన్‌లో ఉంటే అక్షరాలే మారిపోతాయి. రెండూ తీసేయండి.

ప్రశ్న: నల్ల హెడ్డింగులు అచ్చులో అంచుల దగ్గర రంగు నీడతో, మసకగా వచ్చాయి. ఫైలులో మాత్రం నలుపే ఉంది.
– సుల్తాన్‌పేట, బెంగళూరు నుంచి ఒకరు

జవాబు: మేటరు వర్డ్ ఫైలు నుంచి వచ్చి ఉంటే ఆ నలుపు ఆర్‌జీబీ (తెర మీద చూపే రంగుల పద్ధతి) కావచ్చు. అచ్చు ప్లేట్లకు (ఇంకుకొకటి) వెళ్లేసరికి అది నాలుగు ఇంకుల కలయిక అవుతుంది. కాగితం వెంట్రుకవాసి జరిగినా ఒత్తుల సన్న గీతల పక్కన రంగు తేలుతుంది. విండో, అవుట్‌పుట్‌లో సెపరేషన్స్ ప్రివ్యూ తెరిచి బ్లాక్ ప్లేటు ఆపండి. హెడ్డింగ్ పూర్తిగా మాయం కావాలి. ఇంకా కనబడితే ఆ స్వాచ్‌ను (రంగుల జాబితాలోని ఆ రంగును) తొలగించి, బదులుగా బ్లాక్ ఎంచుకోండి. ఎర్ర హెడ్డింగ్ కావాలంటే మెజెంటా 100, ఎల్లో 100 ఇవ్వండి. రెండే ప్లేట్లు కాబట్టి, పసుపు కాస్త జరిగినా కంటికి అంతగా ఆనదు.