ఇరవై ఏడు మిస్డ్ కాల్స్

ప్రశ్న: మాది మదనపల్లె. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా అమ్మాయికి 23 ఏళ్లు. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అన్నారు. ఉన్నట్టుండి కోపం, ‘నువ్వూ నన్ను వదిలేస్తావు’ అని ఏడుపు. రెండుసార్లు చేయి కోసుకుంది. నేను టీచర్ని. మొన్న క్లాసులో ఉండి ఫోన్ ఎత్తలేదు, ఇరవై ఏడు మిస్డ్ కాల్స్! ఆస్పత్రిలో పది రోజులుంచి పంపేశారు. ఆర్నెల్లు అక్కడే ఉంచుదామంటారు మా ఆయన. లేక ఊరికి తీసుకెళ్లిపోనా?
- ఒక తల్లి

జవాబు: పంపేశారని బాధపడకండమ్మా. ఈ సమస్యలో ఆస్పత్రి ఉన్నది గండం గట్టెక్కించడానికి. ఫోన్ ఎత్తని అమ్మ, మాట విసిరే మేనేజరు అక్కడ ఉండరు కదా. తట్టుకోవడం నేర్చుకోవాల్సింది వీళ్ల మధ్యే. మార్షా లినెహాన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 17 ఏళ్లప్పుడు రోగిగా చేరి రెండేళ్లకు పైగా ఆస్పత్రిలోనే ఉన్నారు. తనను తాను గాయపరుచుకునేవారు. అన్నాళ్లున్నా నయం కాలేదు. ఇలాంటివాళ్ల కోసం డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే థెరపీని తర్వాత ఆవిడే తయారుచేశారు. తన సంగతి 2011లో బయటపెట్టారు. డీబీటీ అంటే ఇంట్లో ఉంటూనే, తట్టుకోవడం ఎలాగో వారం వారం వెళ్లి నేర్చుకునే పద్ధతి. ఊరికి వెళ్తే ఆ వారం వారం తెగిపోతుందేమో చూసుకోండి. ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా మందు లేదు. డాక్టరు రాసినవి దిగులుకో నిద్రకో అయ్యుంటాయి, మీ అంతట మీరు ఆపకండి.

మీ బెంగళూరులోనే ఉన్న మానసిక ఆస్పత్రి నిమ్హాన్స్ ఓపీలో డీబీటీ గురించి అడగండి. బీటీఎం లేఅవుట్‌లో వాళ్ల వెల్‌బీయింగ్ సెంటర్ కూడా ఉంది.

ఇక ఫోన్ సంగతి. ‘క్లాసులో ఉంటాను, పన్నెండున్నరకి నేనే చేస్తా’ అని పొద్దున్నే చెప్పండి. పన్నెండున్నరకి చేయండి, టిఫిన్ బాక్సు తర్వాత తెరవచ్చు. ఒక్క నిమిషం మాట్లాడినా చాలు. ఆ పిల్లకి కావాల్సింది గంటల కబుర్లు కాదు, అన్న టైముకి ఫోన్ మోగడం. గొడవ లేని రోజు కూడా పక్కన కాసేపు కూర్చోండి. మనం చాలామందిమి గొడవైన రోజే కూర్చుంటాం, నేనూ మా ఇంట్లో అంతే.

మళ్లీ కోసుకుంటే ‘ఇంత చేసినా ఇదేనా’ అనకండి. గాయం కడిగి కట్టు కట్టండి, లోతుగా ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. చచ్చిపోతానంటే బెదిరింపులే అని కొట్టిపారేయొద్దు, ఒంటరిగా వదలొద్దు. మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు, డాక్టరు నంబరు, రాత్రైనా వచ్చే ఒక పిన్నిదో పక్కింటివాళ్లదో నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. అమ్మాయినే రాయమనండి.

వచ్చే అపాయింట్‌మెంట్‌కి మీ ఆయన్ని పంపండి. ప్రతిసారీ సెలవు మీరే ఎందుకు పెట్టాలి?