క్లాడింగ్‌కు ప్రభుత్వ నిధి వచ్చినా మీ దగ్గర ఉండాల్సిన కాగితం

మాంచెస్టర్‌లోని మీ భవనానికి క్లాడింగ్ (గోడల బయట బిగించే పలకలు) మార్చేందుకు ప్రభుత్వ నిధి మంజూరైందని మేనేజింగ్ ఏజెంటు నుంచి ఉత్తరం వచ్చిందనీ, ఇక మీరేమీ కట్టనక్కర్లేదా అనీ అడిగారు. అదే ఊళ్లో ఎనిమిది అంతస్తుల భవనంలో మాకు ఫ్లాటు ఉంది, ఇదంతా మేము పడ్డదే. క్లాడింగ్ ఖర్చు గురించి దిగులు పడకండి. భవనంలోని మిగతా లోపాల ఖర్చు మాత్రం ఇంకా మీ మీదికి రావచ్చు.

2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది చనిపోయాక, మా గోడలకూ మండే పలకలే ఉన్నాయని పరీక్షల్లో తేలింది. అప్పటి నుంచి రాత్రింబవళ్లు ఇద్దరు కాపలాదారులు చేతిలో ఎయిర్ హార్న్ పట్టుకొని అంతస్తు అంతస్తూ తిరిగేవారు. మంట కనబడితే అది మోగించి మమ్మల్ని లేపడం వారి పని. ఆ వేకింగ్ వాచ్‌కు మా ఒక్క ఫ్లాటు వంతుగా నెలకు 140 పౌండ్లు సర్వీస్ ఛార్జీలో కలిపారు. అర్ధరాత్రి తలుపు అవతల వారి అడుగుల చప్పుడు వినబడితే పిల్లలు నిద్రలోంచి ఉలిక్కిపడేవారు.

18 మీటర్లు దాటిన భవనాలకు 2020లో బిల్డింగ్ సేఫ్టీ ఫండ్ మొదలైంది, 11 మీటర్లు దాటిన వాటికోసం ఆ తర్వాత క్లాడింగ్ సేఫ్టీ స్కీమ్ వచ్చింది. దరఖాస్తు పెట్టేది ఫ్రీహోల్డరో (భవనానికీ నేలకూ అసలు యజమాని), వారి ఏజెంటో కాబట్టి, ఆ డబ్బు మన చేతికి రాదు, నేరుగా పనులకే పోతుంది. ఆ పనులు కూడా గోడల బయటి భాగం వరకే. మా భవనంలో కారిడార్ తలుపులు మంటకు ఆగేవి కావు, పైపులు వెళ్లేచోట గోడల్లో కన్నాలు పూడ్చలేదు. వీటికి నిధి నుంచి పైసా రాలేదు, ఫ్లాటుకు 7,400 పౌండ్ల బిల్లు వచ్చింది.

ఆ బిల్లు నుంచి మమ్మల్ని కాపాడింది 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ చట్టం. 11 మీటర్లు లేదా ఐదంతస్తులు, ఆ పైన ఉన్న భవనంలో మీ లీజు (ఫ్లాటును దీర్ఘకాలానికి మీకిచ్చిన ఒప్పందం) చట్టప్రకారం అర్హమైనదైతే, ఇలాంటి పనులకు మీ వంతు సాధారణంగా లండన్‌లో 15,000, బయట 10,000 పౌండ్లు దాటకూడదు. విలువ పది లక్షల పౌండ్లు మించిన ఫ్లాట్లకు మాత్రం పరిమితి ఇంకా ఎక్కువ. వేకింగ్ వాచ్‌కు ముందే కట్టినది తిరిగి రాదు కానీ ఈ పరిమితిలో లెక్కకు వస్తుంది, కనుక పాత బిల్లులు ఒక్కటీ పారేయకండి. 2022 ఫిబ్రవరి 14 నాటికి ఫ్రీహోల్డర్ ఆస్తి చట్టం చెప్పిన స్థాయిని మించితే మీరు అసలేమీ కట్టనక్కర్లేదు. ఆ సంగతి తేల్చే ల్యాండ్‌లార్డ్ సర్టిఫికెట్ ఇవ్వకుండా ఈ ఖర్చు వసూలు చేసే హక్కు వారికి లేదు. మేము నివాసితులమంతా కలిసి ఆ సర్టిఫికెట్ కోసం రాతపూర్వకంగా అడిగాం. అది చేతికి వచ్చాక, ఫ్రీహోల్డర్ ఆస్తి ఆ స్థాయిని మించిందని తేలి, బిల్లు రద్దయింది.

మీ వైపు నుంచి కావలసినది లీజుహోల్డర్ డీడ్ ఆఫ్ సర్టిఫికెట్, అంటే మీ లీజు అర్హమైనదని సాక్షి సంతకంతో మీరిచ్చే పత్రం. అర్హతకు అదే 2022 ఫిబ్రవరి 14న ఈ ఫ్లాటు మీ ప్రధాన నివాసమై ఉండాలి, లేదా యునైటెడ్ కింగ్‌డమ్‌లో దీనితో కలిపి మూడు ఇళ్లకు మించి మీకు ఉండకూడదు. మనవాళ్లు చాలామంది ఇక్కడే అనవసరంగా భయపడుతున్నారు. హైదరాబాద్‌లో ఫ్లాటు, ఊళ్లో నాన్నగారి ఇల్లు ఈ లెక్కలోకి రావు. మా పొరుగాయన అవి కూడా లెక్కేసుకొని తాను అర్హుణ్ని కానేమోనని రెండు నెలలు ఫారం ముట్టుకోలేదు. ఫ్రీహోల్డర్ నోటీసు ఇచ్చి అడిగాక గడువులోగా పంపకపోతే మీ లీజును అర్హత లేనిదిగా పరిగణించవచ్చు, అందుకని ఆయన చేత ఆ రోజే నింపించి, సాక్షిగా నేను సంతకం పెట్టాను.

మీరు ఆ తేదీ తర్వాత కొన్నవారైతే, ఆ రోజున యజమానిగా ఉన్నవారి పరిస్థితే లెక్క. కొన్నప్పటి కాగితాల్లో వారి సర్టిఫికెట్ ఉందేమో మీ సొలిసిటర్‌ను అడగండి. లేకపోతే అమ్మినవారితో మాట్లాడి, వారు అందుబాటులో ఉండగానే తీసుకోండి.