అడ్వెంట్ మొదటి ఆదివారానికి లూథర్ పాట: ముందు అందరికీ టెనర్ నేర్పండి

జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ కాలం నాటి అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఎదురుచూపు కాలం) పాట ఒకటి మా క్వయర్‌తో పాడించాలనుంది, కొత్తవాళ్లకు కష్టమవుతుందా అని అడిగారు. నేనైతే ‘నున్ కొమ్ డేర్ హైడెన్ హైలాండ్’ (‘అన్యజనుల రక్షకుడా, ఇక రా’) తీసుకోమంటాను. మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. ఇప్పుడు జర్మనీలో ఉంటూ ఇక్కడి చర్చి క్వయర్‌లో టెనర్ (మగవాళ్ల పై గొంతు) పాడుతున్నాను. నవంబరు వచ్చిందంటే మా రిహార్సల్స్‌కి ఈ పాట రావాల్సిందే.

మూలం నాలుగో శతాబ్దంలో మిలాన్ బిషప్ ఆంబ్రోస్ రాసిన లాటిన్ కీర్తన. లూథర్ 1524లో దాన్ని ఎనిమిది చరణాల జర్మన్ పాటగా మార్చాడు. మఠాల్లో పాడే పాత బాణీని సంఘమంతా పాడగలిగేలా సరళం చేశాడు. నాలుగో పాదానికి మొదటి పాదం బాణీయే తిరిగి వస్తుంది కాబట్టి నేర్చుకోవాల్సింది మూడు పాదాలే. బాణీ మొత్తం ఒక ఆక్టేవ్ (స నుంచి పై స దాకా ఉండే దూరం) కూడా నిండదు.

చిక్కంతా మొదటి పాదంలోనే. మన స్వరాల్లో చెప్పాలంటే స స ని గ రిస రి స (ని మంద్రంలో, గ సాధారణ గాంధారం). పాత బాణీలో ఆ ని కైశికి నిషాదం, అంటే కింది ని. తర్వాతి కాలపు జర్మన్ స్వరకర్త బాఖ్ తన కూర్పుల్లో దాన్ని కాకలి, అంటే అర స్వరం పైది చేశాడు. వినడానికి అద్భుతం, కానీ అక్కడి నుంచి గాంధారానికి ఎగరాలంటే అలవాటు లేని గొంతు శ్రుతి తప్పుతుంది. మీరు 1524 బాణీకే కట్టుబడండి.

ఒక్కో గొంతు ఒక్కో వరుస పాడే బహుకంఠ కూర్పు కావాలంటే అదే ఏడాది స్వరకర్త యోహాన్ వాల్టర్ విట్టెన్‌బర్గ్‌లో అచ్చు వేయించిన పాటల పుస్తకంలో ఉంది. దానికి ముందుమాట లూథర్‌దే. కుర్రకారు ప్రేమపాటలు మాని పాడుకోవడానికి మంచి పాటలు ఉండాలని రాశాడు. ఆ కూర్పులో అసలు బాణీ టెనర్‌లో ఉంటుంది. అసలు బాణీ తమదేననుకుని సొప్రానోలు (ఆడవాళ్ల పై గొంతు) గొంతెత్తారంటే టెనర్ వినపడదు. అందుకే మా కాంటర్ (చర్చి సంగీత నిర్దేశకుడు) తొలి రిహార్సల్‌లో అందరిచేతా టెనర్ వరుసే పాడిస్తాడు, విడివిడి గొంతులు తర్వాతే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడి పెరిగినవాళ్లకు అందరూ ఒకే బాణీ పాడే ఏకకంఠం కొత్త కాదు, నాకు అదే కలిసొచ్చింది. ఒక చరణం సంఘం, ఒక చరణం క్వయర్ పాడటం ఆ రోజుల నుంచీ ఉన్న పద్ధతే. భారం సగమవుతుంది.

దయచేసి క్రిస్మస్ పాటలా హుషారెక్కించకండి. ఇందులో గొల్లలు లేరు, దేవదూతల పాటా లేదు. రక్షకుడు తండ్రి దగ్గర బయలుదేరి, పాతాళం దాకా వెళ్లి, తిరిగి సింహాసనం చేరే ప్రయాణం ఉంది. పశువుల తొట్టి కాంతి ఏడో చరణంలో గానీ కనిపించదు. సమయం చాలకపోతే 1, 4, 5, 7, 8 ఉంచుకోండి. మొదటి మూడు పాడి ఆపేసే అలవాటు నాకు అసలు నచ్చదు.

బాఖ్‌ని తర్వాత తీరిగ్గా వినండి: ఈ పాట మీద ఆయన వైమార్‌లో 1714లో, లైప్‌జిగ్‌లో 1724లో కూర్చిన కాంటాటాలు (గాయకులు, వాద్యాలతో పాడే చర్చి కూర్పులు). ఆయన ఆర్గన్ పుస్తకం ‘ఆర్గెల్‌బ్యూష్‌లైన్’ మొదలయ్యేదీ ఈ బాణీతోనే. మీ ఆర్గనిస్టు అందులోని ఆ ప్రెల్యూడ్ (పాట బాణీ మీద అల్లిన ఆర్గన్ కూర్పు) వాయిస్తానంటే ఆరాధన చివర వాయించమనండి. పాటకు ముందు వాయిస్తే ఆ కాకలి నిషాదమే అందరి చెవుల్లో ఉండిపోతుంది.