విశాఖలో పండుగలకు ఆఫీసు సెలవుల జాబితా ఒక్కటే చాలదు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో విశాఖకు బదిలీ అయిందని, తీసుకున్న ఇంటి మేడమీద జైన కుటుంబం ఉంటుందని, ఇక్కడి పండుగలు, సెలవులు చెప్పమని అడిగారు కదా. పాతూళ్లో కురుపాం మార్కెట్ దగ్గర మేమూ అలాంటి ఇంట్లోనే అద్దెకున్నాం. మా ఓనరు ఆంటీవాళ్లు శ్వేతాంబర జైనులు.

చైత్ర శుద్ధ త్రయోదశి మహావీర జయంతి మీకు తప్పనిసరి సెలవు. రాష్ట్రం జాబితా వేరు, పిల్లల బడులు దాన్నిబట్టే నడుస్తాయి. రెండూ దగ్గర పెట్టుకోండి. సంక్రాంతి తప్ప మిగతావన్నీ దాదాపు తిథుల లెక్కే. వినాయక చవితి 2025లో ఆగస్టు 27న అయితే, అధిక జ్యేష్ఠమాసం పడటంతో 2026లో సెప్టెంబరు 14న.

మీరు తప్పక చూడాల్సిన రోజు మాత్రం అక్షయ తృతీయ. సింహాచలం కొండమీది నరసింహస్వామి, మన సింహాద్రి అప్పన్న, ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. ఆ ఒక్కరోజే నిజరూప దర్శనం. తర్వాత నాలుగు విడతల్లో, విడతకు మూడు మణుగుల చొప్పున మళ్లీ చందనం పూస్తారు. రాత్రి నుంచే క్యూలు కడతారు, చంటిపిల్లలతో వెళ్లకండి.

జైనులకూ అదే రోజు పెద్ద పండుగ. వాళ్ల మొదటి తీర్థంకరుడు ఋషభదేవుడు ఏడాదికి పైగా నిరాహారంగా తిరిగాక, హస్తినాపురంలో శ్రేయాంసుడు చెరకురసం ఇచ్చి పారణ చేయించాడంటారు, అంటే ఉపవాసం విడిపించాడని. మా ఆంటీ కూడా వర్షీతపం పట్టి ఏడాది పైన రోజు విడిచి రోజు ఉపవాసం ఉన్నారు. ఉపవాసం నాడు కాచిన నీళ్లే, అవీ పొద్దుగుంకేలోపే. పారణ రోజున కోడళ్లు, మనవలు వరసగా నిలబడి చిన్న వెండి గిన్నెతో చెరకురసం ఆవిడ దోసిట్లో పోశారు. మా అత్తగారు అప్పన్నను చూసొచ్చి అప్పుడే గుమ్మంలో చెప్పులు విప్పుతున్నారు. ఆంటీ కేకేసి ఆవిడ చేత కూడా పోయించుకున్నారు. ఆ రోజంటే నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

ఇంకో సంగతి. వాళ్ల ఉపవాసాల పండుగ పర్యూషణ ఎనిమిది రోజులు. దాని ఆఖరి రోజైన సంవత్సరి మన వినాయక చవితి నాడో, ఒకరోజు అటూ ఇటూగానో పడుతుంది. అంటే మనం ఉండ్రాళ్లు పంచే వేళకు వాళ్లు ఉపవాసంలో ఉంటారు. ప్రసాదం తర్వాత ఇవ్వండి, పందిట్లో మైకు రాత్రి త్వరగా ఆపించండి. సంవత్సరి నాడు మెట్లు దిగి వచ్చి, తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించమంటారు. కంగారు పడకుండా మీరూ చేతులు జోడించి అదే అడగండి. ఉల్లి, వెల్లుల్లి, దుంపలు పడని వంట, అదీ చీకటి పడకముందే పంపితే మామూలు రోజుల్లో ఎంతో సంతోషిస్తారు.

మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి చుట్టూ బండి కదలదు, నడిచే వెళ్లండి. అమ్మవారికి మీ చేత్తోనే పసుపు కుంకుమ వేయొచ్చు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు, హనుమంతవాక, అప్పుఘర్, ఎన్ఏడీ కూడలి మీదుగా దారంతా జనమే. ఆ రోజు మీ ఆఫీసు ఆ వైపైతే మధ్యాహ్నానికే ఇల్లు చేరేలా చూసుకోండి.