చెరువు గట్టుకు నగదు తీసుకెళ్లాలి: పాత పిస్టల్ కోసం ఎఫ్‌డీ తీయవచ్చా?

ప్రశ్న: నా వయసు 44. పాలకొల్లు సమీపంలో రొయ్యల కొనుగోలు వ్యాపారం చేస్తున్నాను. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజుల్లో తెల్లవారకముందే ఐదారు లక్షల నగదుతో చెరువుల దగ్గరకు వెళ్లాల్సి వస్తోంది. రాజమహేంద్రవరంలో నాకు తెలిసిన ఒకరు, చనిపోయిన తన తండ్రి వాడిన .25 బోర్ (గొట్టం లోపలి వ్యాసం పావు అంగుళం) విదేశీ పాకెట్ పిస్టల్‌ను లక్షన్నరకు ఇస్తామంటున్నారు. లైసెన్సు సంగతి తర్వాత చూసుకోవచ్చని చెబుతున్నారు. నాకు 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, 11 శాతం వడ్డీకి తెచ్చిన 3 లక్షల బంగారు రుణం ఉన్నాయి. డిపాజిట్‌లోంచి తీసి కొనవచ్చా?

జవాబు: డిపాజిట్ తీయవద్దు. ఆ పిస్టల్‌కు బయానా కూడా ఇవ్వవద్దు. చీకట్లో డబ్బు సంచితో కాలువ గట్ల మీద ప్రయాణించే మనిషికి భయం ఉండటం సహజమే, దానిని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే మీ ముందున్న ఈ బేరం ఆ భయాన్ని తగ్గించకపోగా, మీ వ్యాపారాన్నీ కుటుంబాన్నీ అంతకంటే పెద్ద ప్రమాదంలోకి నెడుతుంది.

పాత మోటారు సైకిలు కొని ఆర్‌సీ తర్వాత మార్పించుకున్నట్టు తుపాకీని కొనడానికి వీలులేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ముందు లైసెన్సు, ఆ తర్వాతే ఆయుధం. లైసెన్సు లేకుండా పిస్టల్ దగ్గర ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత, కనీసం రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు, దానితోపాటు జరిమానా పడతాయి. అమ్మినవారికి శిక్ష ఇంకా కఠినంగా ఉంటుంది. మీ పరిచయస్తులు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. తండ్రి లైసెన్సు ఆస్తిలాగా కొడుక్కు సంక్రమించదు. లైసెన్సుదారు మరణించాక వారసులు ఆ ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో గాని, అధీకృత డీలరు వద్ద గాని అప్పగించి, తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి, లేదా చట్టప్రకారం అమ్మకానికి అనుమతి తెచ్చుకోవాలి. ఆ పని జరగకపోతే ఆ పిస్టల్ ఈ రోజు వారి ఇంట్లో ఉండటమే నేరం. ఈ మాట వారికి స్నేహపూర్వకంగా చెప్పండి.

ఇక మీరు సక్రమంగా వెళ్లదలచుకుంటే, మీ జిల్లాకు లైసెన్సు అధికారి భీమవరంలో ఉండే కలెక్టరు. 2016 ఆయుధ నియమాల కింద దరఖాస్తు చేయాలి, పోలీసు విచారణ నివేదిక రావాలి, ఆయుధ భద్రతా శిక్షణ ధ్రువపత్రం ఉండాలి. వృత్తి రీత్యా ప్రాణానికీ ఆస్తికీ ముప్పు ఉందని ఆధారాలతో చూపాలి. బ్యాంకు ఖాతా వివరాలు, పట్టుబడి లెక్కలు, గతంలో ఏదైనా ఫిర్యాదు చేసి ఉంటే దాని నకలు ఇక్కడ పనికి వస్తాయి. ఇంత చేసినా లైసెన్సు తప్పక వస్తుందన్న హామీ లేదు కాబట్టి, అది రాకముందు ఏ తుపాకీ కోసమూ డబ్బు కట్టిపడేసుకోకూడదు.

లైసెన్సు వచ్చిందనే అనుకుందాం. అప్పటికీ .25 బోర్ పాత విదేశీ పిస్టల్ నేను సూచించే వస్తువు కాదు. మన దేశంలోకి ప్రైవేటు వ్యక్తులు తుపాకులు దిగుమతి చేసుకోవడాన్ని 1980ల మధ్యలో ఆపేశారు. అందుకే అంతకుముందు వచ్చిన విదేశీ పిస్టళ్లకు, వాటి పనితనంతో సంబంధం లేకుండా, అరుదుదనం వల్ల ధర పెరిగింది. మీరు చెల్లించే సొమ్ములో ఎక్కువ భాగం ఆ అరుదుదనానికే పోతుంది. పైగా ఆ బోర్ తూటాలు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు ఎక్కువ. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు పౌరుల కోసం తయారుచేసే .32 పిస్టళ్లకు తూటాలూ విడిభాగాలూ దేశంలోనే లభిస్తాయి. ఇందులోనూ జాగ్రత్త అవసరం: .32 పిస్టల్ తూటా, .32 రివాల్వర్ తూటా ఒకటి కావు, ఒకదానికి బదులు మరొకటి పనిచేయదు. ధర స్థాయి తెలియడానికి ఒక ఉదాహరణ చెబుతాను. కాన్పూరు కర్మాగారం 2014లో అర కిలో బరువున్న 'నిర్భీక్' రివాల్వర్‌ను సుమారు 1.22 లక్షల రూపాయలకు విడుదల చేసింది. కొత్త పిస్టళ్లు, రివాల్వర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది కాబట్టి, వాడిన వాటికి గిరాకీ పెరగడంలో ఆశ్చర్యం లేదు.

వాడినదే కొనేటట్లయితే అధీకృత డీలరు ద్వారా కొనండి. నేరుగా లైసెన్సుదారు నుంచి కొంటే, అమ్మే వ్యక్తి తన ఉద్దేశాన్ని జిల్లా మేజిస్ట్రేటుకు గాని, సమీప పోలీస్ స్టేషన్ అధికారికి గాని రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచిన తర్వాతే ఆయుధాన్ని మీ చేతికి ఇవ్వాలి. పిస్టల్ మీద చెక్కిన నంబరు అమ్మేవారి లైసెన్సు పుస్తకంలోని నంబరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. గొట్టం లోపల తుప్పు గుంటలు, స్ప్రింగుల పటుత్వం, సేఫ్టీ పట్టు, మేగజైన్ స్థితి డీలరు దగ్గరి మెకానిక్ చూడాలి గాని, మీరూ నేనూ చూసి చెప్పగలిగేవి కావు. మన డెల్టాలో, ముఖ్యంగా నరసాపురం, మొగల్తూరు వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో, తోలు సంచిలో ఏళ్ల తరబడి పెట్టిన ఇనుము పైకి మెరుస్తున్నా లోపల తుప్పు తినేసి ఉండవచ్చు. డబ్బు బ్యాంకు ద్వారానే చెల్లించి రసీదు తీసుకోండి.

కొన్న తర్వాతి ఖర్చులను చాలామంది లెక్కలోకి తీసుకోరు. గోడకు బిగించిన ఇనుప పెట్టె, సాధన, తూటాలు, సర్వీసింగు, ఐదేళ్లకోసారి లైసెన్సు పునరుద్ధరణ అన్నీ కలుపుకోవాలి. తిరిగి అమ్మాలంటే, అదే రకం ఆయుధానికి లైసెన్సు చేతిలో ఉన్నవారే కొనగలరు. కాబట్టి అత్యవసరంగా డబ్బు అవసరమైన రోజున దీనిని నగదుగా మార్చుకోవచ్చని ఆశ పెట్టుకోకూడదు. ఎన్నికల కాలంలో, అధికారుల కమిటీ మినహాయిస్తే తప్ప, ఆయుధం అప్పగించాలి. 2024లో మార్చి 16న మొదలైన ఎన్నికల నియమావళి జూన్ మొదటి వారం దాకా అమల్లో ఉంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలు కూడా ఆ నెలల్లోనే వస్తాయి, అంటే ఊళ్లలో నగదు బాగా తిరిగే రోజులవి.

మరో మాట కూడా చెప్పాలి. వైరస్ సోకి చెరువులు పోయిన ఏడాది అప్పుల ఒత్తిడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. అలాంటి ఇంట్లో తుపాకీ ఉండటం నాకు కలవరం కలిగిస్తుంది.

మీ అసలు ప్రమాదం నగదు. దానిని తగ్గించే మార్గం మీ చేతిలోనే ఉంది. తెల్లవారుజామున బ్యాంకు ఉండదు కదా అని మీరు అనవచ్చు. ఫోను నుంచే ఖాతాకు డబ్బు పంపే బ్యాంకు పద్ధతుల్లో నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రోజంతా, సెలవు దినాల్లో సైతం పనిచేస్తున్నాయి. అలాంటిదే మరో పద్ధతి ఐఎంపీఎస్ ద్వారా ఐదు లక్షల వరకు అప్పటికప్పుడే పంపవచ్చు. కాటా అయ్యాక, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) తేలాక, గట్టు మీదనే రైతు ఖాతాకు సొమ్ము చేరి, ఆయన ఫోనుకు సందేశం వస్తుంది. నగదే కావాలని పట్టుబట్టే రైతుకు ఒక విషయం వివరించండి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, ఒక వ్యక్తి నుంచి ఒకే రోజు గాని, ఒకే లావాదేవీకి గాని రెండు లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్న మొత్తంతో సమానమైన జరిమానా తీసుకున్నవారి మీదనే పడుతుంది, అంటే ఆ రైతు మీదనే. చేపలు, రొయ్యలు పండించినవారికి నగదు ఇచ్చిన ఖర్చును పన్ను లెక్కలో నగదు ఖర్చుకు ఉండే పదివేల పరిమితి నుంచి మినహాయించే వెసులుబాటు మీకు ఉంది గాని, ఈ రెండు లక్షల నిబంధన నుంచి రైతుకు మినహాయింపు లేదు. కూలీలకు, వలల వాళ్లకు, ఐసుకు, లారీకి మాత్రమే నగదు ఉంచుకుంటే మీ సంచి ఐదారు లక్షల నుంచి కొన్ని వేలకు దిగుతుంది. ఆ సంగతి ఊరికి తెలియడం కూడా మీకు రక్షణే.

మిగిలిన నగదుకు, దారిలో దోపిడీ జరిగితే పరిహారం ఇచ్చే మనీ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఒక ప్రయాణానికి పరిమితి ఎంత, డబ్బు ఎవరు మోయవచ్చు, బండిలో వదిలి వెళ్తే వర్తిస్తుందా అన్న మూడు ప్రశ్నలు ఏజెంటును అడిగి, సమాధానాలను పాలసీ పత్రంలో చూపించమనండి. మీ మీద ఆధారపడినవారి కోసం టర్మ్ పాలసీ (మీరు మరణిస్తే వారికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే అదే ముందు. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీని, పిస్టళ్ల మీద పన్ను పెంచిన ఆ సెప్టెంబరు 22 నుంచే పూర్తిగా తీసేశారు.

డిపాజిట్‌లో రెండు లక్షలు వ్యాపారం దెబ్బతినే ఏడాదికి నిల్వగా ఉంచండి. తక్కిన రెండు లక్షల్లో లక్షన్నర, గడువు తీరగానే, బంగారు రుణానికి జమ చేస్తే ఏటా 16,500 రూపాయల వడ్డీ మిగులుతుంది. మిగతా యాభై వేలు బీమా ప్రీమియాలకు సరిపోవాలి. ఆరు నెలలు ఈ పద్ధతిలో వ్యాపారం చేసి, ఆ తర్వాత కూడా ఆయుధం అవసరమనిపిస్తే లైసెన్సుకు దరఖాస్తు చేయండి. మంజూరైన రోజున డీలరు చెప్పిన ధర, బోర్ వివరాలతో మళ్లీ రాయండి, ఆ సొమ్ము ఎక్కడి నుంచి తీయాలో అప్పుడు లెక్క వేద్దాం.