ఆ ఖాళీలు పూరించే ముందు

అమ్మాయీ, ఆశీస్సులు.

భవన నిబంధనల కమిటీలో నిన్ను వేశారని తెలిసి మనసు నిండింది. ఉమ్మడి డిజైన్ ప్రమాణాలను దేశ నిబంధనల్లోకి తెచ్చే పని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. మీ ముందున్నవి ఐరోపా దేశాలు కలిసి రాసుకున్న నిర్మాణ ప్రమాణాలు, యూరోకోడ్‌లు కాబట్టి వాటిని పట్టుకునే రాస్తాను.

మొదటి సమావేశంలోనే ఎవరో ఒకరు, "తర్జుమా చేసి, గెజిట్‌లో వేస్తే సరిపోతుంది కదా" అంటారు. ఆ మాట అక్కడే ఆపు. మొదటి తరం యూరోకోడ్‌లు పది, వాటిలో భాగాలు 58. 1975లో మొదలైన ప్రయత్నం, 2002-2007 మధ్య పూర్తి ప్రమాణాలుగా బయటికొచ్చింది. 2010 మార్చికి సభ్యదేశాలు తమ పాత ప్రమాణాల్లో వీటితో పొసగనివాటిని పక్కన పెట్టాయి. అంతమంది ఇంజనీర్లు అన్నేళ్ళు కూర్చుని రాసి కూడా చాలా అంకెలను కావాలనే తేల్చకుండా వదిలారు. ఏ దేశంలో గాలి ఎంత వీస్తుందో, మంచు ఎంత పడుతుందో, నేల ఎంత కదులుతుందో ఆ దేశమే చెప్పాలి. తన ప్రజలకు ఎంత భద్రత కావాలో తేల్చే బాధ్యత కూడా ఆ ప్రభుత్వానిదే. ఆ ఖాళీలను పూరించే పత్రమే జాతీయ అనుబంధం. నీ అసలు పని అక్కడే ఉంది, మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

ప్రతి ఖాళీ పక్కనా ఒక సిఫార్సు అంకె ఉంటుంది. పని తొందరలో దాన్నే దించేసుకోవాలని అనిపిస్తుంది. కాంక్రీట్ కోడ్‌లో దీర్ఘకాలిక భారాన్ని లెక్కలోకి తీసుకునే గుణకం ఒకటుంది; అది తగ్గితే కాంక్రీట్ బలాన్ని తక్కువగా లెక్కిస్తారు. సిఫార్సు 1.0 అయితే, బ్రిటన్ తన అనుబంధంలో వంపుకీ, నిలువు భారానికీ 0.85 పెట్టుకుంది. ఇళ్ళలో ఫ్లోర్ మీద లోడ్ చదరపు మీటరుకు 1.5 నుంచి 2.0 కిలోన్యూటన్ల దాకా ఉండొచ్చని ఇచ్చి, 2.0ని సిఫార్సు చేస్తే, బ్రిటన్ 1.5 దగ్గరే ఉండిపోయింది. ఒకచోట జాగ్రత్త పెంచారు, ఇంకోచోట తగ్గించారు. వాళ్ళ అంకెలు మీకు పనికొస్తాయని నేను అనను. వాళ్ళు సొంతంగా ఆలోచించారన్నదే నువ్వు చూడాలి. ప్రతి ఖాళీకీ ఒక పేజీ పెట్టు. ఏ అంకె, ఎందుకు, ఏ కొలతల ఆధారంగా, ఎవరు ఒప్పుకున్నారు. పదేళ్ళ తర్వాత దాన్ని సవరించాల్సినవాళ్ళకి ఆ పేజీయే దిక్కు.

గాలి గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తప్పు దూరేది ఎక్కువగా ఇక్కడే. యూరోకోడ్‌లో మూల వేగం అంటే చదునైన బయలులో 10 మీటర్ల ఎత్తున పది నిమిషాల సగటు. ఏ ఏడాదైనా దాన్ని దాటే అవకాశం నూటికి రెండు, అంటే యాభై ఏళ్ళకోసారి అని మనం అనుకునే గాలి. మీ వాతావరణ శాఖ రికార్డులు మాత్రం గంట సగటు కావచ్చు, మూడు సెకన్ల విసురు కావచ్చు. గంట సగటును పది నిమిషాలదిగా రాసేస్తే వేగం అయిదారు శాతం తక్కువ పడుతుంది. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అక్కడ అది పదకొండు, పన్నెండు శాతం అవుతుంది. విసురునే సగటుగా తీసుకుంటే తప్పు ఎదురు దిక్కున, దాదాపు రెట్టింపు ఒత్తిడి దాకా పోతుంది. అప్పుడు కట్టేవాడి మీద అనవసరపు ఖర్చు పడుతుంది, కొన్నాళ్ళకు కోడ్ మీదే నమ్మకం పోతుంది. ఇంకొక సంగతి: గాలి కొలిచే పరికరం పెట్టిన రోజున చుట్టూ పొలాలుండి ఉంటాయి, ఇప్పుడు మేడలుంటాయి. అంకె పట్టికలో అదే వరసలో నడుస్తూనే ఉంటుంది, దాని అర్థం మాత్రం మారిపోతుంది. స్టేషన్ చరిత్ర తెలియకుండా గాలి పటం గీయనివ్వకు.

రెండో మాట నా అనుభవంలోంచి. ఒక భవనం లెక్కలు పరిశీలనకు నా దగ్గరికి వచ్చాయి. చేసినవాడు తెలివైనవాడే, కాకపోతే రెండు కోడ్‌ల మధ్య నిలబడ్డాడు. పాత బ్రిటిష్ పద్ధతిలో భద్రత కోసం భారాన్ని పెంచి చూసే గుణకాలు శాశ్వత భారానికి (కట్టడం సొంత బరువుకి) 1.4, చర భారానికి (మనుషులు, సామాను లాంటివాటికి) 1.6 ఉండేవి. యూరోకోడ్‌లో అవి 1.35, 1.5. తక్కువగా ఉన్నాయని అతను కొత్తవి తీసుకున్నాడు. కాంక్రీట్ బలానికి మాత్రం అలవాటైన క్యూబ్ అంకె, అంటే ఘనాకారపు నమూనాని నలగ్గొట్టి కొలిచిన బలం వేశాడు. కొత్త సూత్రాలకి కావలసింది సిలిండర్ ఆకారపు నమూనా మీద కొలిచిన బలం. కాంక్రీట్ రకాన్ని సి30/37 అని రాసినప్పుడు 30 సిలిండర్‌ది, 37 క్యూబ్‌ది. ఆ ఒక్క అంకెతోనే కాంక్రీట్ కాగితం మీద ఇరవై మూడు శాతం బలపడిపోయింది. రెండు మార్పులూ ఒకే వైపుకి, పలచబడే వైపుకి. కాంక్రీట్ పోయకముందే పట్టుకున్నాం, కాలమ్‌ల సైజులు మార్చాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, పట్టుకోలేకపోయి ఉంటే ఏమయ్యేదోనని. అందుకే చెబుతున్నాను: భారం ఒక కోడ్ నుంచి, బలం ఇంకో కోడ్ నుంచి తీసుకోకూడదని నిబంధనలోనే రాయించు. ఒక నిర్మాణానికి ఒకటే పద్ధతి, పునాది నుంచి పైకప్పు దాకా.

చట్టంలో ఏం రాయాలన్నది లాయర్లకే వదిలేయకు. చట్టంలో ప్రయోజనం ఉండాలి, సూత్రాలు బయట ఉండాలి. ఇంగ్లండ్ నిబంధనలు భారాలన్నీ భద్రంగా నేలకు చేరాలని చెప్పి ఊరుకుంటాయి. ఏ ప్రమాణంతో చేస్తే సరిపోతుందో మార్గదర్శక పత్రం చెబుతుంది. ఒక చిన్న భాగం కూలితే దానికి తగని పెద్ద విధ్వంసం జరగకూడదన్న నియమమూ ఆ నిబంధనల్లోనే ఉంది. 1968లో లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో 18వ అంతస్తున గ్యాస్ పేలి, ఒక మూల పై నుంచి కింది దాకా కూలి నలుగురు చనిపోయాక, 1970లో వచ్చిన నియమం అది. మీ దేశం కూడా ఇలాంటి దుర్ఘటనల నుంచి నేర్చుకుని రాసుకున్న నియమాలు పాత పుస్తకంలో ఉంటాయి. కొత్తదాంట్లో అవి కనిపించకపోతే ఎవరూ అడగరు. నువ్వు అడుగు. పాత నిబంధనల్ని వరస వరసగా చదివి, ప్రతిదీ కొత్తదాంట్లో ఎక్కడికి చేరిందో గుర్తు పెట్టు.

మార్గదర్శకంలో ప్రమాణాన్ని పేర్కొనేటప్పుడు సంవత్సరంతో సహా పేర్కొనండి. సంవత్సరం లేకపోతే, ఎక్కడో ఎవరో సవరించిన రోజున మీ దేశపు నియమం మీకు తెలియకుండానే మారిపోతుంది. సంవత్సరం వేస్తే మాత్రం సవరణలను చూసుకుంటూ ఉండే మనుషులుండాలి, వాళ్ళకి జీతం ఉండాలి. కమిటీ రద్దయిపోయి పుస్తకం మిగిలితే లాభం లేదు.

మార్పుకి గడువు ఇవ్వండి, కానీ ముగింపు తేదీ ఉన్న గడువు. సింగపూర్ 2013 ఏప్రిల్‌లో యూరోకోడ్‌లు తెచ్చి, పాతవాటితో రెండేళ్ళ పాటు కలిపి నడిపింది. ఇంగ్లండ్‌లో పాత ప్రమాణాలు 2010లో ఉపసంహరణకు గురైనా, నిర్మాణ మార్గదర్శక పత్రం యూరోకోడ్‌లకు మారింది 2013లోనే. మధ్య మూడేళ్ళూ ఇంజనీరు చేతిలో ఒకటి, అధికారి బల్ల మీద ఇంకొకటి. ఆ రెండు తేదీలూ మీ దగ్గర ఒక్కటే అయ్యేలా చూడు. సగం కట్టినవి, అనుమతి వచ్చి ఇంకా మొదలుకానివి ఏ పుస్తకం కిందికి వస్తాయో స్పష్టంగా రాయండి.

చిన్న ఇళ్ళకి ఇదంతా పెట్టకండి. గోడ మందం, బీమ్ సైజు పట్టికలో చూసుకుని మేస్త్రీ కట్టుకోగలిగేలా ఉండాలి.

సైట్ సంగతి మరిచిపోతారు అందరూ. కాంక్రీట్ బలాన్ని 1.5తో, ఉక్కు కడ్డీ బలాన్ని 1.15తో భాగించి తగ్గించే గుణకాలు ఒక స్థాయి పనితనాన్ని నమ్ముకుని పెట్టినవి. కాంక్రీట్ ఎలా కలపాలి, ఎలా పరీక్షించాలి, ఎంత తేడా ఒప్పుకోవాలి అనే ప్రమాణాలు, అవి అమలు చేసే ల్యాబ్‌లు లేకుండా డిజైన్ కోడ్ ఒక్కటే తెస్తే, ఆ 1.5 ఉత్త అంకె. బడ్జెట్ అడిగేటప్పుడు ల్యాబ్‌లకే ముందు అడుగు.

ఆమోదానికి ముందు మీ దేశంలో మామూలుగా కట్టే భవనాలు పది తీసుకుని, పాత కోడ్‌తోనూ కొత్తదాంతోనూ పూర్తిగా డిజైన్ చేయించు. పడుచు ఇంజనీర్లకు ఇవ్వు, వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ భాష సరిగా లేదని లెక్క. కడ్డీ పెరిగితే బిల్డర్లు గోల చేస్తారు, వినిపిస్తుంది. కడ్డీ తగ్గిన చోట ఎవరూ నోరు మెదపరు. ముందు ఆ తగ్గినవాటినే చూడు.

గాలి స్టేషన్ల జాబితా తెప్పించుకున్నాక నాకొక ప్రతి పంపు. ఏ స్టేషన్‌లో సగటు ఎంతసేపటిదో, పరికరం ఎప్పుడు మార్చారో ఆ వరసలు ఖాళీగా ఉన్నా సరే. ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మాస్టారు