ఆ నెంబరు చూసి కోతకు పంపొద్దు

అమ్మలూ, నీ మెసేజ్ రాత్రే చూశాను. 58 ఏళ్ల మనిషి, వేరే దేనికో తీసిన సీటీలో పాంక్రియాస్ (క్లోమం) తోక దగ్గర 4 సెంటీమీటర్ల సిస్ట్ (తిత్తి), రక్తంలో సీఏ 19-9 అనే క్యాన్సర్ మార్కర్ ఎక్కువ, యూనిట్‌లో అందరూ ఆపరేషన్ అంటున్నారు. ఆ నెంబరు ఒక్కదాన్నే పట్టుకుని కోతకు పంపొద్దు, అంతే నేను చెప్పేది.

నేను పాథాలజీలో చేరిన కొత్తలో ఇలాంటిదే ఒకటి నా టేబుల్ మీదికొచ్చింది. క్యాన్సరనుకుని తోకా, ప్లీహమూ కలిపి తీసేశారు. సిస్ట్ కోస్తే నీళ్లు కారలేదు, విరిగిన పాలలాంటి తెల్లటి ముద్ద వచ్చింది. మైక్రోస్కోపులో చూస్తే గోడకు చర్మంలాంటి పొర, దాని కిందే గుంపులుగా లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు). లింఫోఎపిథీలియల్ సిస్ట్, ఏ హానీ లేనిది, కానీ సీఏ 19-9ని పెంచగలదు. ఆయనకు తర్వాత షుగర్ వచ్చి ఇన్సులిన్ మీద పడ్డాడు. ఆ రిపోర్టు రాస్తుంటే నాకు చెయ్యి ఆడలేదు.

ముందు మనిషిని కూర్చోబెట్టి అడుగు: ఎప్పుడైనా పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చిందా, మందు అలవాటుందా, పొట్టకు దెబ్బ తగిలిందా. అవేవీ లేకపోతే సూడోసిస్ట్ (వాపు, దెబ్బల తర్వాత ద్రవం చేరి ఏర్పడే తిత్తి) మాట దాదాపు పక్కన పెట్టొచ్చు. సిస్ట్ పాంక్రియాస్ డక్ట్‌తో (నాళంతో) కలిసి ఉందేమో ఎంఆర్‌సీపీలో, అంటే ఆ నాళాలను చూపే ఎంఆర్ఐ స్కాన్‌లో చూడు.

ఆ తర్వాత ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో సూది. సూదిలోంచి ఏం వచ్చిందో పక్కనే నిలబడి నీ కళ్లతో చూడు, తీగలా సాగితే మ్యూసినస్ (జిగురు నిండిన, క్యాన్సర్‌గా మారగల రకం) వైపు, పల్చగా నీళ్లలా ఉంటే సీరస్ (దాదాపు ఎప్పుడూ హాని చేయని రకం) వైపు, పేస్టులా చిక్కగా వచ్చి సూదికి అడ్డం పడితే మాత్రం నేను చెప్పినదాన్ని గుర్తు తెచ్చుకో. ద్రవంలో సీఈఏ అనే ఇంకో మార్కర్ 192 ng/mL దాటితే మ్యూసినస్ అని మేమే నేర్పించాం, కానీ లింఫోఎపిథీలియల్ సిస్ట్‌లోనూ అది దాటొచ్చు. ఫారం మీద నీ అనుమానం స్పష్టంగా రాయి, లేకపోతే ఆ చర్మంలాంటి పొర నుంచి వచ్చే పొలుసుల కణాలు బయటినుంచి కలిశాయని పాథాలజిస్టు కొట్టిపారేసే ప్రమాదముంది. సెల్ బ్లాక్ (సూదిలో వచ్చిన కణాలను ముద్దగా చేసి కోసి చూడటం) కూడా అడుగు.

తోక అన్నావు కాబట్టి ఇంకొకటి. సిస్ట్ చుట్టూ ఉన్న కణజాలం కాంట్రాస్ట్ స్కాన్ ప్రతి ఫేజ్‌లోనూ (దశలోనూ) అచ్చం ప్లీహంలాగే మెరుస్తుంటే అది పాంక్రియాస్‌లో ఇరుక్కున్న అదనపు ప్లీహం కావొచ్చు, దాన్లో పుట్టే ఎపిడెర్మాయిడ్ సిస్ట్ కూడా సీఏ 19-9ని పెంచుతుంది.

గోడలో గట్టి ముద్ద కనిపించినా, డక్ట్ ఉబ్బినా, కణాలు తేడాగా ఉన్నా ఇంక ఆగకు, సర్జన్ దగ్గరికి పంపెయ్. స్లైడ్లు రాగానే ఫొటోలు పెట్టు, ఏ వేళైనా చూస్తాను.